తిరగని తాళం మీద నా బలం

మా నాన్నగారి కారు ఇగ్నిషన్ లాక్ దానంతటది పాడవలేదు. నేనే పాడుచేశాను. ఒక్క రోజులో జరిగిన పని కాదు. కొన్నేళ్లపాటు ఆ తాళం నాకు ఏదో ఒక సూచన ఇస్తూనే వచ్చింది. ప్రతిసారీ నేను నూనెతోనో బలంతోనో ఆ పూటకి పని జరుపుకున్నాను. చివరికి మా అమ్మను పక్కసీట్లో కూర్చోబెట్టుకుని, ఏ క్షణాన స్టీరింగ్ బిగుసుకుపోతుందో తెలియని కారులో బెజవాడ కనకదుర్గ వారధి దాటేదాకా వెళ్లాను. ఇంట్లో వాళ్లకి తెలిసిందల్లా తాళం విరిగింది, కొత్తది వేయించాను అన్నంతవరకే. మిగతాది ఇప్పుడు చెబుతున్నాను.

అది 1996 మోడల్ చిన్న కారు. కార్బ్యురేటర్ బండి. తాళంచెవిలో చిప్ లేదు, రిమోట్ లేదు. నాన్నగారు రిటైరైనప్పుడు వచ్చిన డబ్బుతో కొన్నారు. పదిహేనేళ్లు నిండాక ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యూ చేయించుకుంటూ వస్తున్నాం. ఆయన బండిని చూసుకున్న తీరు వేరు. కారు తాళంచెవిని చిన్న తోలు సంచిలో విడిగా పెట్టుకునేవారు, మరో తాళంచెవిని దాని పక్కన చేరనిచ్చేవారు కాదు. షోరూమ్ వాళ్లు ఇచ్చిన రెండో తాళంచెవినీ, దాంతోపాటు వచ్చిన నంబరు చెక్కిన చిన్న రేకు బిళ్లనీ విడివిడిగా కాగితాల్లో చుట్టి బీరువాలో దాచారు. అది చాదస్తం అనుకునేవాణ్ణి. ఆయన పోయాక కారు నా చేతికి వచ్చింది. ఆ తాళంచెవి నా గుత్తిలో చేరింది. అందులో ఇంటి తాళాలు, కాలేజీ లాకర్ తాళం, స్కూటర్ తాళం, తిరుపతిలో కొన్న ఇత్తడి బిళ్ల ఉండేవి. నడుస్తున్న కారులో ఆ గుత్తి అంతా ఇగ్నిషన్ రంధ్రం నుంచి వేలాడుతూ, గతుకు వచ్చినప్పుడల్లా ఊగుతూ ఉండేది.

ఆ రంధ్రం వెనక ఏముందో నేను తెలుసుకోవాలనుకోలేదు. ఉద్యోగం చేసినంత కాలం ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్పినవాణ్ణి. స్ప్రింగులు, ఘర్షణ, టార్క్ బోర్డు మీద గీసి చూపించినవాణ్ణి. రోజూ చేత్తో తిప్పే వస్తువు లోపల ఆ మూడూ ఎలా కలిసి పనిచేస్తున్నాయో ఒక్కసారీ ఆలోచించలేదు. ఈ కథలో నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే.

ఇప్పుడు తెలిసింది చెబుతాను. కారులో ఇగ్నిషన్ లాక్ అని మనం ఒకే పేరుతో పిలిచేది నిజానికి మూడు వేర్వేరు వస్తువులు. మొదటిది బారెల్, తాళంచెవి దూరే గుండ్రటి ముక్క. దానిలో సన్నని ఇత్తడి రేకులు వరసగా ఉంటాయి. ఒక్కోదాని వెనక వెంట్రుకంత సన్నని స్ప్రింగు ఉంటుంది. తాళంచెవి లేనప్పుడు స్ప్రింగులు ఆ రేకుల్ని బయటికి నెడతాయి, అవి చుట్టూ ఉన్న గూటిలోకి పొడుచుకుని బారెల్‌ని తిరగనివ్వవు. సరైన తాళంచెవి దూరితే దాని పళ్ల ఎత్తును బట్టి రేకులన్నీ బారెల్ అంచుకి సమంగా సర్దుకుంటాయి, అప్పుడది తిరుగుతుంది. రెండోది స్టీరింగ్ లాక్. తాళంచెవి తీసేశాక ఒక ఉక్కు బోల్టు తలుపు గడియలాగా స్టీరింగ్ రాడ్డులోని గాడిలోకి దిగి చక్రాన్ని కదలనివ్వదు. మూడోది, బారెల్ వెనక కొసన ఉండే ఇగ్నిషన్ స్విచ్. అది పూర్తిగా కరెంటు వస్తువు. ప్లాస్టిక్ డబ్బా, లోపల రాగి కాంటాక్టులు, వెనక వైర్ల కప్లర్. మనం తాళంచెవి తిప్పితే బారెల్ ఆ స్విచ్‌ని తిప్పుతుంది. వీటిలో ఏది దెబ్బతిన్నా మనకి చేతిలో తెలిసేది తాళంచెవి దగ్గరే. అందుకే నేను జరిగిన ప్రతిదానికీ తాళంచెవినే నిందించాను.

మొదటి సూచన చాలా చిన్నది. తాళంచెవి పెట్టి తిప్పితే ఒక్కోసారి తిరిగేది కాదు. కాస్త బయటికి లాగి, పైకీ కిందకీ ఆడించి తిప్పితే తిరిగేది. ఆ ఆడించే ఒడుపు నా చేతికి అలవాటైపోయింది. మా ఆవిడ నడుపుదామని కూర్చుంటే తిరిగేది కాదు, నేను వచ్చి తిప్పేవాణ్ణి. దాన్ని నా నైపుణ్యం అనుకున్నాను. అసలు జరుగుతున్నదేమిటంటే, పాత కార్ల తాళంచెవులు చాలావరకు నికెల్ పూత పూసిన ఇత్తడివి. ఏళ్ల తరబడి దూర్చి తీస్తుంటే పూత పోతుంది, పళ్లు అరుగుతాయి, పదునైన అంచులు గుండ్రబడతాయి. అప్పుడు ఒకటో రెండో రేకులు అంచుకి సమంగా రాకుండా కొంచెం పొడుచుకుని ఉండిపోతాయి. ఆడించినప్పుడు ఏదో ఒక క్షణంలో సర్దుకుంటాయి, బారెల్ తిరుగుతుంది. కానీ అలా ఆడిస్తూ తిప్పిన ప్రతిసారీ ఆ రేకుల మూలలు మరికాస్త అరుగుతాయి. నా ఒడుపు తాళాన్ని తెరవడంతోపాటు దాన్ని తినేస్తూ వచ్చింది.

బీసెంట్ రోడ్డు దగ్గర పేవ్‌మెంట్ మీద డూప్లికేట్ తాళంచెవులు చేసే ఆయన దగ్గరికి వెళ్లాను. నా తాళంచెవిని వెలుగుకి పట్టి చూశాడు. "ఇది అరిగిపోయింది సార్. ఒరిజినల్ ఉంటే తెండి, దాన్ని చూసి చేస్తాను" అన్నాడు. అంతకంటే మంచి సలహా ఆ తర్వాత నాకు ఎవరూ ఇవ్వలేదు. ఒరిజినల్ లేదని చెప్పాను. అబద్ధమాడాలనీ కాదు, మరుపూ కాదు, వెతకడానికి బద్ధకం. ఆయన మిషన్ మీద నా పాత తాళంచెవిని ఒకవైపు, కొత్త బ్లాంక్‌ని మరోవైపు బిగించి కోశాడు. ఆ మిషన్ ఏ ఆకారం చూపిస్తే ఆ ఆకారమే కోస్తుంది. అరుగుదలనీ అలాగే దించింది. కొత్తగా మెరుస్తున్న తాళంచెవి పాతదానికంటే మొండిగా తయారైంది. ఆయన పనితనం మంచిది కాదని ఇంట్లో అన్నాను. ఆ మాట ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను.

అమ్మ ఆ రోజే అంది, "మీ నాన్న రెండోది బీరువాలో పెట్టార్రా, చూడు" అని. చూస్తాలే అన్నాను. చాలాకాలం తర్వాత, అంతా అయిపోయాక చూశాను. కాగితం పొట్లంలో తాళంచెవి ఉంది, బహుశా ఒక్కసారి కూడా వాడలేదు. పళ్ల అంచులు పదునుగా, పూత చెక్కుచెదరకుండా ఉన్నాయి. నా గుత్తిలోని దాని పక్కన పెడితే తేడా కళ్లద్దాలు లేకుండానే కనపడింది. నంబరు బిళ్ల మాత్రం లేదు. పాత రసీదులు, వారంటీ కాగితాలు పారేసినప్పుడు దాన్ని పనికిరాని రేకుముక్క అనుకుని పారేసింది నేనే. ఆ నంబరు ఉంటే అరిగిన నమూనాతో పనిలేకుండా, కారు ఫ్యాక్టరీలోంచి వచ్చినప్పుడు ఎలా ఉందో అలా తాళంచెవి కోయించుకోవచ్చు. కొన్ని కార్లలో తలుపు తాళం బారెల్ మీద కూడా ఆ నంబరు చెక్కి ఉంటుంది. బిళ్ల పోయినవాళ్లకి అదే ఆధారం.

తర్వాత చేసింది నూనె పోయడం. వంటింట్లోంచి కొబ్బరినూనె తెచ్చి చుక్కలు చుక్కలుగా రంధ్రంలో పోశాను. వెంటనే హాయిగా తిరిగింది. నా వైద్యం ఫలించిందని సంతోషించాను. తిరగడం మొరాయించినప్పుడల్లా మళ్లీ పోశాను. కొన్నాళ్లకి కొబ్బరినూనె చాలదని కుట్టుమిషన్ నూనె పోశాను. బెజవాడ ఎండలో, దుమ్ములో అద్దం దించుకుని తిరిగే కారది. దుమ్మూ, తాళంచెవి నుంచి అరిగి రాలిన ఇత్తడి పొడీ ఆ నూనెలో కలిసి నల్లటి జిగురుగా మారి స్ప్రింగుల చుట్టూ పేరుకున్నాయి. పైగా కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. డిసెంబరు తెల్లవారుజామున మా ఊళ్లో చలి అంతకంటే కిందికే దిగుతుంది. ఆ చలిలో రేకులు స్ప్రింగు నెట్టినా కదలకుండా అంటుకుపోయేవి. పగలు ఎండెక్కాక మామూలుగా పనిచేసేవి. "పొద్దున పూట బండికి బద్ధకం" అనేవాణ్ణి ఇంట్లో. సీసాలోని కొబ్బరినూనె చలికాలంలో గడ్డకట్టడం పుట్టినప్పటి నుంచీ చూస్తూ, తాళంలో పోసినది కూడా గడ్డకడుతుందని తట్టలేదంటే, నాకు ఆలోచన లేదనే చెప్పాలి.

తాళానికి కావలసింది పొడిగా ఉండే కందెన. మెత్తటి గ్రాఫైట్ పొడిని కొద్దిగా లోపలికి ఊది, తాళంచెవిని దూర్చి తీస్తే చాలు. అది దుమ్మును పట్టుకోదు. పెన్సిల్ ముల్లు గీకి వాడేవాళ్లున్నారు. అందులో గ్రాఫైట్‌తోపాటు బంకమన్ను కూడా ఉంటుంది కాబట్టి అసలు గ్రాఫైట్ పొడే మేలు. ముందే నూనె పోసి ఉంటే మాత్రం దానిమీద గ్రాఫైట్ చల్లకూడదు, అది ముద్దైపోతుంది. ముందు ఆ జిడ్డంతా కడిగించాలి.

ఇంతలో మూడో వస్తువు, అంటే స్విచ్, తన బాధ చెప్పడం మొదలుపెట్టింది. సెల్ఫ్ కొడితే ఇంజన్ అందుకునేది, తాళంచెవి వదలగానే ఆగిపోయేది. మళ్లీ కొడితే అందుకునేది, వదిలితే పోయేది. పెట్రోలు సరిగా రావడం లేదనుకుని కార్బ్యురేటర్ విప్పించి కడిగించాను. ప్లగ్గులు మార్చాను. కాయిల్ మార్చాను. బ్యాటరీ బాగానే ఉన్నా పాతదైందని కొత్తది కొన్నాను. ఒక మెకానిక్ తర్వాత ఇంకొకరు, ప్రతివాళ్లూ ఏదో ఒకటి మార్చారు. తప్పు వాళ్లది కాదు. వాళ్ల దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ జబ్బు పేరు నేనే చెప్పాను. "కార్బ్యురేటర్ చూడు" అన్నాను, చూశారు. "బ్యాటరీ చూడు" అన్నాను, చూశారు. "ఏం జరుగుతోందో నడిపి చూడు" అని ఒక్కరితోనూ అనలేదు.

ఆ లక్షణం స్పష్టంగా ఒక్క చోటునే చూపిస్తోంది. సెల్ఫ్ కొట్టే స్థానంలో ఇగ్నిషన్ కాయిల్‌కి కరెంటు ఒక కాంటాక్టు ద్వారా వస్తుంది. తాళంచెవి వదిలి అది వెనక్కి, ఆన్ స్థానంలోకి వచ్చాక మరో కాంటాక్టు ద్వారా రావాలి. ఆ రెండో కాంటాక్టు కాలిపోతే సెల్ఫ్ ఉన్నంతసేపే ఇంజన్ ఉంటుంది. కాయిల్ ప్లస్ టెర్మినల్‌కీ ఎర్త్‌కీ మధ్య ఒక చిన్న టెస్ట్ ల్యాంప్ పెట్టి చూస్తే చాలు. తాళంచెవి ఆన్‌లో ఉన్నా బల్బు వెలగడం లేదంటే, లేదా కాస్త కదిపితే వెలిగి ఆరిపోతుంటే, స్విచ్ పోయినట్టు. కొన్ని పాత బండ్లలో ఆ దారిలో ఒక రెసిస్టర్ ఉంటుంది, అది కాలినా ఇదే లక్షణం కనిపిస్తుంది కాబట్టి దాన్నీ చూడాలి. స్విచ్చూ రెసిస్టరూ రెండూ కలిపి కొన్నా నేను కొన్న బ్యాటరీ ఖరీదులో చిన్న భాగమే.

ఆ కాంటాక్టులు ఎందుకు కాలాయి? వయసు ఒక కారణం. నా గుత్తి బరువు ఇంకొక కారణం. గతుకుల్లో ఊగే గుత్తి బారెల్‌ని అటూ ఇటూ లాగుతూ ఉంటే వెనక స్విచ్ కూడా రవ్వంత అటూ ఇటూ జరుగుతుంది, కాంటాక్టులు పూర్తిగా ఆనవు, ఆనని చోట నిప్పురవ్వలు లేస్తాయి. గుత్తి బరువు గురించి చెబితే ఇంత చిన్న సంగతా అనుకుంటారు. అమెరికాలో జనరల్ మోటార్స్ కంపెనీకి జరిగింది గుర్తు చేసుకోండి. 2014 ఫిబ్రవరిలో ఆ కంపెనీ షెవర్లే కోబాల్ట్, సాటర్న్ అయాన్ లాంటి చిన్న కార్లను వెనక్కి పిలిపించడం మొదలుపెట్టింది, వాటి లెక్క సుమారు 26 లక్షలకి చేరింది. ఇగ్నిషన్ స్విచ్ లోపల తాళంచెవిని ఆన్ స్థానంలో నిలిపి ఉంచే చిన్న స్ప్రింగు ముక్క బలహీనంగా ఉండేది. గుత్తి బరువుకో, మోకాలు తగిలితేనో, గతుక్కో తాళంచెవి జారి వెనక్కి వచ్చేది. పరిగెత్తే కారులో ఇంజన్ ఆగిపోయేది, స్టీరింగ్‌కి ఉన్న పవర్ సాయం పోయేది. అన్నిటికంటే ఘోరం, ఎయిర్‌బ్యాగులకి కరెంటు తెగిపోయి గుద్దుకున్నప్పుడు అవి తెరుచుకునేవి కావు. ఆ కంపెనీ పెట్టిన పరిహార నిధి 124 మరణాలకి పరిహారం ఇచ్చింది. ముక్క మార్చేదాకా తాళంచెవిని గుత్తి లేకుండా ఒంటరిగా వాడమని కంపెనీయే యజమానులకి చెప్పింది. నాన్నగారు తోలు సంచిలో విడిగా పెట్టుకున్నది ఏ కంపెనీ చెబితేనో కాదు. పాడుకాకుండా చూసుకోవాలన్న శ్రద్ధ, అంతే. నేను దాన్ని చాదస్తమన్నాను.

ఇక తాళంచెవి విరిగిన రోజు. మా చెల్లెలి ఇంటి ముందు ఇరుకు సందులో కారు పెట్టాను. ముందు చక్రాన్ని మెలి తిప్పి, టైరు మురుగుకాల్వ గట్టుకి ఆనేలా ఆపాను. తిరిగి వచ్చి తాళంచెవి పెడితే అసలు కదల్లేదు. ఆడించాను, కదల్లేదు. నా ఒడుపు పనిచేయకపోయేసరికి కోపం వచ్చింది. డిక్కీలోంచి కటింగ్ ప్లయర్ తీసి తాళంచెవి తలని పట్టుకుని తిప్పాను. తాళంచెవి తల వేళ్ల మధ్య ఇమిడేటంత చిన్నదిగా చేయడానికి కారణం ఉంది. వేళ్లతో ఎంత బలంగా తిప్పినా తాళంచెవి తట్టుకుంటుంది. ప్లయర్ పిడి పొడవు తోడైతే అదే చెయ్యి పెట్టే టార్క్ ఎన్నో రెట్లవుతుంది. ఈ లెక్క క్లాసులో నేను చెప్పనిది కాదు. బారెల్ గర్రున తిరిగి ఆన్‌లోకి వెళ్లింది, అదే క్షణంలో తాళంచెవి సగానికి విరిగింది. తల ప్లయర్‌లో ఉంది, పళ్లు లోపల ఉన్నాయి.

అసలు ఆ రోజు తాళంచెవిలోనూ రేకుల్లోనూ ఉన్న లోపం ఆఖరి కారణం కాదు. అడ్డం పడింది స్టీరింగ్ లాక్. చక్రాన్ని గట్టుకి ఒత్తి ఆపినందువల్ల టైరు వెనక్కి తన్నుతోంది. ఆ ఒత్తిడంతా స్టీరింగ్ రాడ్డు ద్వారా వచ్చి గాడిలో ఉన్న ఉక్కు బోల్టును పక్కకి నొక్కి పట్టింది. అలా నొక్కి పట్టిన బోల్టు వెనక్కి జారదు, అది జారందే బారెల్ తిరగదు. అప్పుడు చేయాల్సింది ఒక్కటే. ఎడమచేత్తో స్టీరింగ్‌ని ఏ వైపు రవ్వంత కదులుతుందో ఆ వైపు మెల్లగా నెట్టి పట్టుకుని, కుడిచేత్తో మామూలుగా తాళంచెవి తిప్పాలి. ఒత్తిడి తగ్గగానే బోల్టు వదులుతుంది. డ్రైవింగ్ నేర్చుకున్న తొలిరోజుల్లో నాన్నగారు నాకిది చూపించారు కూడా. కోపంలో గుర్తు రాలేదు.

అక్కడికి ఒక కుర్ర ఎలక్ట్రీషియన్‌ని పిలిపించారు మా బావగారు. "డైరెక్ట్ చేసేద్దాం సార్" అన్నాడు. కప్లర్ లాగేసి, వైర్లు కోసి, డ్యాష్‌బోర్డు కింద ఒక టాగిల్ స్విచ్చి, సెల్ఫ్‌కి ఒక పుష్ బటన్ పెట్టాడు. బండి వెంటనే అందుకుంది, వదిలాక ఆగలేదు కూడా. కాలిపోయిన కాంటాక్టులు దారిలోంచి తప్పుకున్నాయి కదా. ఎన్నాళ్లుగానో వేధించిన జబ్బు పోయిందని నేను పొంగిపోయి, అనుకున్నదానికంటే ఎక్కువ డబ్బిచ్చాను. ఆ కారు తాళం లేకుండానే ఎవరైనా స్టార్ట్ చేసుకుపోవచ్చని, పోతే ఇన్సూరెన్స్ వాళ్లు సాధారణంగా రెండు ఒరిజినల్ తాళంచెవులూ అడుగుతారని అప్పుడు ఆలోచించలేదు. అవి డబ్బుకి సంబంధించిన సంగతులు. అంతకంటే పెద్ద సంగతి నా కళ్ల ముందే ఉంది, చూడలేదు.

అలాగే నడిపాను. వాయిదా వేశాను. స్టార్ట్ అవుతోంది కదా అనుకున్నాను. గుంటూరులో అమ్మని కంటి డాక్టరుకి చూపించి తిరిగి వస్తున్నప్పుడు డ్యాష్‌బోర్డు కింద నుంచి ప్లాస్టిక్ కాలుతున్న వాసన వచ్చింది. వారధి మీద, పక్కన లారీలు, బస్సులు. ఆపడానికి వీల్లేక అలాగే దాటి, అమ్మని ఇంటి దగ్గర దించి, ఆ సాయంత్రమే ఆటోనగర్ వెళ్లాను.

ఆటోనగర్‌లో ఏ వీధిలో ఏ పని చేస్తారో తెలిసినవాళ్లకి అక్కడ కుదరని పని ఉండదు. ఎలక్ట్రికల్ పని చేసే పెద్దాయన దగ్గరికి పంపారు. ఆయన మొదట నన్ను కూర్చోమని, "ఏం జరిగిందో మొదటి నుంచి చెప్పండి మాస్టారూ" అన్నారు. నేను టాగిల్ స్విచ్ సంగతి చెప్పబోతే, "అది కాదు, తాళం మొదట ఎప్పుడు పట్టేసింది?" అన్నారు. చెప్పాను. డ్యాష్‌బోర్డు కింద చూశారు. కారు ఇగ్నిషన్ కరెంటంతా ఆ చిన్న టాగిల్ మీద నడుస్తోంది, ఫ్యూజ్ లేదు, వైరు పైతొడుగు మెత్తబడి ఉంది. తర్వాత ఒక సన్నని స్క్రూడ్రైవర్ తీసి విరిగిన తాళంచెవి ముక్కని తాకించారు. బలంగా కాదు, తాకించారంతే. అరిగిపోయి జిడ్డుతో వదులైన బారెల్ వెనక్కి జారింది. స్టీరింగ్ కాలమ్‌లో టక్కుమని చప్పుడైంది. ఆయన స్టీరింగ్ పట్టుకుని తిప్పారు. తిరగలేదు.

"డైరెక్ట్ చేసినప్పుడు ఈ బోల్టు తీయించలేదా?" అన్నారు. తీయించాలని నాకు తెలియదన్నాను. ఆయన నన్ను తిట్టలేదు. "తీయకుండా నడపకూడదు మాస్టారూ" అని మాత్రం అన్నారు.

నేను అక్కడ బల్ల మీద చాలాసేపు కూర్చున్నాను. అన్నాళ్లూ స్టీరింగ్ బోల్టుని వెనక్కి పట్టి ఉంచింది బారెల్ లాక్ స్థానంలోకి జారకుండా ఆన్‌లో నిలవడం ఒక్కటే. నా కారులో బారెల్‌ని ఆన్‌లో నిలిపి ఉంచింది అరిగిన రేకులూ, ఎండిన జిడ్డూ, ఒక విరిగిన ఇత్తడి ముక్కా. తాళంచెవి లేదు కాబట్టి దాన్ని పట్టుకునే చెయ్యి కూడా లేదు. వారధి మీద ఏ గతుకులోనైనా, నా మోకాలు తగిలినా, అది జారి ఉంటే లారీల మధ్య స్టీరింగ్ బిగుసుకుపోయేది. పక్కన అమ్మ, కంట్లో చుక్కల మందు వేసి ఉండడంతో కళ్లు మూసుకుని కూర్చుని ఉంది.

స్టీరింగ్ లాక్ మనల్ని కాపాడడానికి పెట్టిందే. అమెరికాలో 1970 జనవరి 1 నుంచి కార్లకి ఒక నిబంధన ఉంది. తాళంచెవి తీసేస్తే స్టీరింగ్ అయినా తిరగకూడదు, లేదా బండి తన శక్తితో ముందుకైనా కదలకూడదు. దొంగలు వైర్లు కలిపి తీసుకుపోయే కార్లు ప్రమాదాలకి గురై మనుషులు పోతుంటే వచ్చిన నిబంధన అది. చిప్ లేని పాత బండికి దొంగ నుంచి కాపలా దాదాపు ఆ ఉక్కు బోల్టే. అది వేరే వస్తువు అనీ, దాని సంగతి వేరుగా చూడాలనీ తెలియని మనిషి వైర్లు కలిపితే కాపలా కాసేదే ప్రాణం తీస్తుంది.

లాక్ మార్చడానికి మర్నాడంతా పట్టింది. స్టీరింగ్ లాక్ గూడుని కాలమ్‌కి పట్టి ఉంచే బోల్టులకి తలలుండవు. బిగించేటప్పుడే తెగిపోయేలా చేస్తారు, దొంగ విప్పలేకుండా. వాటిని ఉలితో కొట్టి మెల్లగా తిప్పి తీశారు. ఆయన చెప్పిన ఇంకో మాట నాకు గుచ్చుకుంది. చాలా కార్లలో తాళంచెవి ఇంకా తిరుగుతున్నప్పుడు దాన్ని ఆక్సెసరీ స్థానంలో ఉంచి, పక్కన చిన్న రంధ్రంలో సన్నని పిన్నుతో నొక్కితే బారెల్ మొత్తం చేతిలోకి వచ్చేస్తుందట. కడిగి, అరిగిన రేకులు మార్చి, తిరిగి పెట్టుకోవచ్చు. చిన్న పని. తాళంచెవి తిరగడం ఆగిపోయాక మాత్రం డ్రిల్లూ ఉలీ తప్పవు. బీరువాలో ఉన్న నాన్నగారి రెండో తాళంచెవితో అది బహుశా ఆఖరు వారం దాకా తిరిగి ఉండేది.

పాత సామాన్ల కొట్లో దొరికే లాక్ తెస్తానంటే ఆయన వద్దన్నారు. అది కూడా ఎవరో ఇలాగే అరగదీసిందే అయ్యుంటుంది. కొత్త లాక్ సెట్ తెప్పించి, స్విచ్చు, కప్లర్ మార్చి, కోసిన వైర్లని సోల్డర్ చేసి, ఫ్యూజుని దాని స్థానంలో పెట్టారు. తలుపులకీ పెట్రోలు మూతకీ సెట్‌లోవే వేశారు కాబట్టి అన్నిటికీ ఒకే తాళంచెవి. నంబరు బిళ్ల ఇచ్చి, "ఇది పారేయకండి" అన్నారు. నేను పారేశానని ఆయనకి చెప్పలేదు.

ఇదంతా డబ్బు మిగుల్చుకోవాలని చేశానా అని నన్ను నేను చాలాసార్లు అడిగాను. కాదు, ఖర్చు చాలానే పెట్టాను. తెలియదని ఒప్పుకోవడం ఇష్టం లేకపోవడమే కారణం. మెకానిక్ ముందు నిలబడి "ఇది ఎలా పనిచేస్తుందో నాకు తెలియదు, చెప్పండి" అనడానికి చదువు చెప్పే మనిషికి నామోషీ అనిపించింది. అందుకే జబ్బు పేరు నేనే చెప్పేవాణ్ణి. పేవ్‌మెంట్ మీద తాళంచెవులు చేసే ఆయన ఒక్క చూపులో చెప్పిన నిజాన్ని ఆయన చదువుకోలేదన్న భావంతో పట్టించుకోలేదు. దీనికి నేను నిజంగా సిగ్గుపడుతున్నాను. అమ్మకి ఈ కాగితం చదివి వినిపించాలనుకుంటున్నాను.

పాత కారున్నవాళ్లకి ఒక మనవి. తాళంచెవిని ఆడిస్తే గానీ తిరగని స్థితి వచ్చిందంటే, అది తిరుగుతున్నప్పుడే తెలిసినవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి. మీ కారుని ఎవరైనా డైరెక్ట్ చేసి ఉంటే, స్టీరింగ్ లాక్ బోల్టు తీయించిందీ లేనిదీ ఇవాళే చూపించుకోండి. అది తేలేదాకా ఆ కారు రోడ్డెక్కించకండి.